అర్ధరాత్రి లెక్కలు: వేళకు నడిచే కంప్యూటర్ పనుల మీద ఒక సమీక్ష

వానాకాలం సాగు మొదలైందంటే వరంగల్ జిల్లా నెక్కొండలో మంచిచెడ్డల తర్వాత వచ్చే మాట "పైసలు పడ్డయా?" అనేదే. రైతు భరోసా కావచ్చు, పీఎం కిసాన్ కావచ్చు, యాసంగి వడ్లు అమ్మిన సొమ్ము కావచ్చు. బ్యాంకు గుమస్తాను అడిగినా, వ్యవసాయ విస్తరణాధికారిని అడిగినా జవాబు వాళ్ల దగ్గర ఉండదు. ఎక్కడో ఉన్న ఒక సర్వర్‌లో మనిషి చెయ్యి పడకుండా నడిచే పని మీద అది ఆధారపడి ఉంటుంది. లక్షల పేర్లున్న ఫైలు తెరిచి, ఒక్కో పేరుకూ లెక్క కట్టి, పంపాల్సింది పంపి, కుదరనివాటిని పక్కన పడేసి, ఫైలు మూసేసే పని అది. కంప్యూటర్‌వాళ్లు దీన్ని బ్యాచ్ జాబ్ అంటారు. ఏ జాబ్ ఏ రోజు, ఏ వేళకు, దేని తర్వాత నడవాలో చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను షెడ్యూలర్ అంటారు.

ఫోన్‌లో మీట నొక్కితే రూపాయి అవతలి ఖాతాలో పడే ఈ రోజుల్లో బ్యాచ్ జాబ్ గురించి ఇంకా మాట్లాడాలా అని సాఫ్ట్‌వేర్ పిల్లలు నవ్వుతారు. నవ్వేముందు వాళ్లు ఒకసారి బ్యాంకుల మధ్య డబ్బు పంపే నెఫ్ట్ సంగతి చూడాలి. 2019 డిసెంబర్ 16 నుంచి నెఫ్ట్ రోజంతా, ఏడాది పొడవునా నడుస్తోంది. కానీ నడిచేది అరగంటకో బ్యాచ్ చొప్పున, రోజుకు 48 బ్యాచ్‌లుగా. మనం "వెంటనే" అనుకుంటున్న దాంట్లో చాలా భాగం త్వరత్వరగా తిరిగే బ్యాచ్‌లే. యూపీఐలో కూడా మన ఖాతాలు వెంటనే మారినా, బ్యాంకులు తమలో తాము చేసుకునే పరిష్కారం విడతలవారీగానే సాగుతుంది. జీతాలు, పింఛన్లు, కరెంటు బిల్లులు, వడ్డీ లెక్కలు, జీఎస్టీ పట్టికలు, రైలు చార్టులు ఏవీ ఈ పద్ధతిని వదల్లేదు. వదలవు కూడా. అందరి లెక్కా ఒకే తేదీకి, ఒకే నియమంతో తేల్చాల్సిన చోట ఒక్కొక్కరినీ విడిగా చూస్తే న్యాయం కుదరదు.

తెలుగు నేలకు ఈ పనితో పాత పరిచయమే ఉంది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్ మన దేశపు తొలితరం కంప్యూటర్లను తయారుచేసింది. రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణ 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలైనా, దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపే 'కాన్సర్ట్' సాఫ్ట్‌వేర్ మొట్టమొదట అమల్లోకి వచ్చింది 1994లో సికింద్రాబాద్‌లో. ఆ తర్వాత అమీర్‌పేట కాలం. గోడలనిండా మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డులు, జేసీఎల్, కోబాల్, డీబీ2 నోట్సుల జిరాక్సులు. వరంగల్ పల్లెల నుంచి వెళ్లిన ఎందరో డిగ్రీ పిల్లలకు మొదటి ఉద్యోగం 'ప్రొడక్షన్ సపోర్ట్'. అంటే దూరదేశపు బ్యాంకు బ్యాచ్‌లు సజావుగా నడుస్తున్నాయా అని తెర ముందు కూర్చుని కాపలా కాయడం. జాబ్ మధ్యలో ఆగితే "అబెండ్ అయింది" అంటారు. న్యూయార్క్‌లో రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా నడిచే లెక్కలు ఎండాకాలంలో మనకు పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా వస్తాయి. వాళ్ల రాత్రి పనికి మన పగటి కళ్లు దొరికాయి. హైదరాబాద్‌కు ఈ పనులు ఇంతగా రావడానికి జీతాల తేడా ఎంత కారణమో గడియారం తేడా కూడా అంత కారణమని నా నమ్మకం.

ఇక అసలు ప్రశ్న. జాబ్ ఎప్పుడు నడవాలి? వేళ వచ్చినప్పుడా, ముందు పని పూర్తయినప్పుడా? దీని మీద రెండు బడులున్నాయి. యూనిక్స్‌తో వచ్చిన క్రాన్ మొదటి బడికి పెద్దదిక్కు. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అనే ఐదు గడులు నింపితే చాలు, ఆ వేళకు లేచి పని మొదలుపెడుతుంది. విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌ది, ఐబీఎం ఏఎస్/400 యంత్రాల్లోని జాబ్ పట్టికది కూడా దాదాపు ఇదే తీరు. రెండో బడిలో సీఏ-7, కంట్రోల్-ఎం, ఆటోసిస్ లాంటి పెద్ద షెడ్యూలర్లుంటాయి. ఇవి వేళతో పాటు "ఫలానా ఫైలు వచ్చిందా, ఫలానా జాబ్ తప్పు లేకుండా ముగిసిందా" అని కూడా అడిగి తేల్చుకుంటాయి.

కాజీపేట-విజయవాడ లైను మీద ఉన్న నెక్కొండకు ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. టైమ్ టేబుల్‌లో వేళ ఉన్నంత మాత్రాన బండి కదలదు, ముందు లైన్ క్లియర్ రావాలి. వేళ చూసి మాత్రమే జాబ్‌లు నడిపే ఆఫీసు లైన్ క్లియర్ అడగకుండా బండిని వదులుతున్నట్టే. రాత్రి పదకొండుకు అమ్మకాల లెక్క, పన్నెండుకు దాని మీద పన్ను లెక్క అని పెట్టుకున్నామనుకోండి. మామూలు రోజుల్లో మొదటిది ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది, అంతా బాగుంటుంది. సీజన్‌లో లావాదేవీలు పెరిగి అది గంటన్నర పట్టిన రోజున రెండోది సగం లెక్క మీదే పన్ను కట్టేస్తుంది. ఎక్కడా ఎర్రదీపం వెలగదు. రెండు జాబ్‌లూ తప్పు లేకుండా ముగిసినట్టే చూపిస్తాయి. తప్పు బయటపడేది నెలాఖరుకు, అదీ పడితే.

వడ్ల కొనుగోలు చెల్లింపుల్లో మన ప్రభుత్వం రెండో పద్ధతినే పట్టింది. కేంద్రంలో కాంటా అయ్యాక వివరాలు ట్యాబ్‌లో ఎక్కాలి. లారీ మిల్లుకు చేరాలి. మిల్లరు దింపుకున్నట్టు ఒప్పుకోవాలి. అప్పుడే రైతు పేరు చెల్లింపుల ఫైలుకు ఎక్కుతుంది. వరస సరైనదే, సరుకు చేరకుండా డబ్బు పంపడం ఎవరూ కోరరు. కానీ రైతుకు వినబడేది మాత్రం ఇన్ని గంటల్లో డబ్బు పడుతుందన్న హామీ ఒక్కటే. మిల్లు దగ్గర లారీ రెండు రోజులు నిలబడితే అతని గడియారం నడుస్తుంది, సర్వర్ గడియారం అసలు మొదలే కాదు. వ్యవస్థ వరసను బట్టి నడుస్తుంటే హామీని మాత్రం గంటల్లో ఇస్తున్నారు. కేంద్రాల దగ్గర జరిగే గొడవల్లో సగం ఇక్కడే పుడుతున్నాయనిపిస్తుంది.

వరస చెడితే ఎంత దూరం వెళ్తుందో లోకానికి తెలిసింది 2012 జూన్‌లో. బ్రిటన్‌లోని ఆర్‌బీఎస్ బ్యాంకు, దాని గొడుగు కింది నాట్‌వెస్ట్, అల్స్టర్ బ్యాంకులు రాత్రి లెక్కలన్నీ సీఏ-7 షెడ్యూలర్‌తో నడిపేవి. జూన్ 17న ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త కూర్పు ఎక్కించారు. ఏదో తేడా కనబడి, దాన్ని తీసేసి పాత కూర్పుకు వెనక్కి వెళ్లారు. వెనక్కి వెళ్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించలేదు. ఏ జాబ్ దేని తర్వాత నడవాలన్న వరస చెదిరింది. ఒక రాత్రి లెక్క పూర్తి కాకుండానే మరుసటి రాత్రి లెక్క వచ్చి మీద పడింది. ఖాతాల్లో జీతాలు కనబడలేదు, ఇంటి వాయిదాలు కట్టలేకపోయారు, విదేశాలకు వెళ్లినవాళ్లు చేతిలో డబ్బాడక చిక్కుకున్నారు. బ్రిటన్‌లో కనీసం 65 లక్షల మంది ఖాతాదారుల మీద దెబ్బ పడింది. అల్స్టర్ బ్యాంకు లెక్కలు మిగతా రెండింటి తర్వాత వరసలో ఉండటంతో ఐర్లండ్ జనానికి కష్టం వారాల తరబడి సాగింది. వరసలో చివర ఉన్నవాడికే ఎదురుచూపు ఎక్కువ.

ఈ కథలో హైదరాబాద్ పేరు కూడా వచ్చింది. సీఏ-7 తెలిసినవాళ్లు కావాలంటూ ఆ బ్యాంకు కోసం హైదరాబాద్‌లో ఉద్యోగ ప్రకటనలు వచ్చాయని అప్పట్లో బ్రిటిష్ పత్రికలు రాశాయి. పని బయటికి పంపడం వల్లే ఇలా అయిందని అక్కడి సంఘాలు అన్నాయి, బ్యాంకు కాదన్నది. 2014 నవంబర్‌లో బ్రిటన్ నియంత్రణ సంస్థలు రెండు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేసినప్పుడు తప్పు పట్టింది ఏ ఊరివాళ్లనో కాదు. ప్రమాదాన్ని ముందే గుర్తించి అదుపులో పెట్టే ఏర్పాట్లు బ్యాంకులో సరిగా లేవని తేల్చాయి. ఒక జరిమానా ఉత్తర్వు షెడ్యూలర్‌ను ఇంత వివరంగా బోనెక్కించడం అరుదు. ఆ రెండు ఉత్తర్వులనూ మన సహకార బ్యాంకుల ఐటీ విభాగాల్లో చదివించాలి.

వరస తర్వాతి చిక్కు గడువు తేదీ. జాబ్ ఎప్పుడు నడిచింది అన్నదానికంటే, ఏ క్షణం దాకా ఉన్న వివరాల మీద నడిచింది అన్నదే మనిషి చేతికొచ్చే రూపాయిని తేలుస్తుంది. ఒక పాత సంగతి గుర్తు చేసుకుందాం. పొదుపు ఖాతాలో వడ్డీని ఒకప్పుడు నెలలో పదో తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీద కట్టేవారు. పదకొండున డబ్బు వేసినవాడికి ఆ నెల వడ్డీ సున్నా. ఇరవై రోజులు నిల్వ ఉంచి, ఒక్కరోజు తీసి మళ్లీ వేసినా కోతే. 2010 ఏప్రిల్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు రోజువారీ నిల్వ మీద వడ్డీ కట్టమన్నది. లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో ఇది ఊహకు కూడా అందని మాట. శాఖలన్నీ ఒకే కేంద్ర సర్వర్ మీదికి వచ్చి, ప్రతి రాత్రీ ప్రతి ఖాతా నిల్వనూ పట్టుకునే జాబ్ ఉండబట్టే సాధ్యమైంది. బ్యాచ్ జాబ్ పేదవాడికి మేలు చేసిన సందర్భాల్లో దీన్ని మొదట చెప్పుకోవాలి.

అదే రాత్రి జాబ్ ఇప్పుడు అప్పు మీద తీర్పు కూడా చెబుతోంది. 2021 నవంబర్ 12 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం బాకీ కట్టాల్సిన తేదీన బ్యాంకు రోజు లెక్క మూసే 'డే ఎండ్' నడిచేలోపు పూర్తి సొమ్ము రాకపోతే, ఆ తేదీ నుంచే ఖాతా గడువు దాటినట్టు. మొండిబాకీ ముద్ర పడినా ఆ డే ఎండ్ ఏ తేదీకి నడిచిందో ఆ తేదీతోనే పడుతుంది. అంటే బాకీదారుడి రోజు అర్ధరాత్రికే ముగియాలని లేదు, బ్యాంకు లెక్క మూసిన వేళకు ముగుస్తుంది. ఆ వేళ ఏదో ఎన్ని శాఖల్లో గోడ మీద రాసి ఉంది? కౌంటర్ మూసే వేళ మాత్రం అన్ని చోట్లా రాసి ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నియమమే డే ఎండ్‌కు ఇంత బరువిచ్చాక అది బ్యాంకు లోపలి వ్యవహారమని సరిపెట్టుకోవడం కుదరదు.

గడువు తేదీల రాజకీయం తెలంగాణ రైతుకు కొత్త కాదు. 2024 పంట రుణమాఫీకి 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య తీసుకున్న రుణాలనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ ఏడాది జూలై 18న లక్ష దాకా, 30న లక్షన్నర దాకా, ఆగస్టు 15న రెండు లక్షల దాకా విడతలుగా వేశారు. ఆధార్ సంఖ్య తప్పు, పేరులో అక్షరం తేడా, రేషన్ కార్డు లేక కుటుంబం తేలకపోవడం వంటి కారణాలతో ఆగినవాళ్ల కోసం నవంబర్ 30న నాలుగో విడత నడపాల్సి వచ్చింది. కంప్యూటర్ మనిషి కళ్లతో చూస్తే ఇది నాలుగు జాబ్‌ల కథ. మూడు జాబ్‌లు బాగానే నడిచాయి. ఊళ్లల్లో ఆగస్టు నుంచి నవంబర్ దాకా వినబడిన మాటలన్నీ మాత్రం ఆ జాబ్‌లు పక్కన పడేసిన పేర్ల గురించే. ప్రతి బ్యాచ్‌కూ రెండు ఫలితాలుంటాయి, పూర్తయినవాళ్ల జాబితా, ఆగినవాళ్ల జాబితా. మొదటిది పత్రికా ప్రకటన అవుతుంది. రెండోది ఎవరి బల్ల మీదికి పోవాలో షెడ్యూల్ గీసిన రోజే రాసుకోవాలి. సాధారణంగా రాసుకోరు.

రద్దీని ఎలా సర్దాలన్నది మరో చర్చ. అందరి పనీ ఒకే క్షణాన మొదలుపెడితే సర్వర్ కూలబడుతుంది, కాబట్టి విడదీయాలి. దేన్నిబట్టి విడదీయాలి? 2018 మే 10న మొదలైన రైతుబంధు మొదటి విడత చెక్కులతో నడిచింది. ఖాతాల్లోకి నేరుగా వేయడం మొదలయ్యాక ఎకరం లోపువాళ్లకు ముందు, రెండెకరాలవాళ్లకు తర్వాత అనే వరస వచ్చింది. దాని స్థానంలో వచ్చిన రైతు భరోసాలోనూ అదే తీరు. 2025 వానాకాలానికి జూన్ 16 నుంచి తొమ్మిది రోజుల్లో దాదాపు 9 వేల కోట్ల రూపాయలు అలాగే వేశారు. ఖజానాకు వెసులుబాటు, సర్వర్‌కు ఊపిరి, చిన్న రైతుకు ముందు చేతికందడం, మూడూ ఒకే వరసతో కుదిరాయి. ఇంత తెలివైన షెడ్యూల్ ప్రైవేటు కంపెనీల్లోనూ తక్కువే చూస్తాం. ఐదెకరాలవాడు ఒప్పుకోకపోవచ్చు.

జీఎస్టీది ఇంకో తీరు. మొదట్లో నెలవారీ రిటర్ను అందరికీ ఇరవయ్యో తేదీనే ఉండేది, ఇరవై సాయంత్రం పోర్టల్ కదిలేది కాదు. తర్వాత తేదీలు విడదీశారు. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారులకు తెలంగాణలో ఇప్పుడు 22. నెల నెలా పద్నాలుగున కొనుగోళ్ల పన్ను పట్టిక 2బి తయారవుతుంది. అదీ ఒక బ్యాచ్ జాబే. వరంగల్ హోల్‌సేల్ వ్యాపారి పదకొండో తేదీలోపు తన అమ్మకాల పట్టిక వేయకపోతే, నెక్కొండ ఎరువుల దుకాణదారుడికి ఆ నెల 2బిలో ఆ బిల్లు కనబడదు. ఒకరి ఆలస్యం ఇంకొకరి జేబు నుంచి పోతుంది. లైన్ క్లియర్ ఇవ్వాల్సింది పక్క స్టేషన్‌వాడు, ఆగేది మన బండి. రద్దీ కోసమే యూపీఐలోనూ నెలవారీ కోతలను 2025 ఆగస్టు 1 నుంచి రద్దీ లేని వేళలకే పరిమితం చేశారు. పొద్దున పదిలోపు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు మధ్య, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. జీతం మధ్యాహ్నం పడేవాళ్లు వాయిదా కోత పొద్దున ఉందేమో చూసుకోవడం మంచిది. రెండు జాబ్‌ల వరస తలకిందులైతే వచ్చే జరిమానా మీదే, షెడ్యూలర్‌ది కాదు.

ఆగిన జాబ్‌ను మళ్లీ నడపడం దగ్గర అనుభవజ్ఞులు కూడా జంకుతారు. పదివేల చెల్లింపుల్లో ఆరు వేలు పోయాక కరెంటు పోయిందనుకుందాం. మళ్లీ మొదటి నుంచి నడిపితే ఆ ఆరు వేల మందికి రెండోసారి పోతాయి. నడపకపోతే నాలుగు వేల మందికి పోవు. 2021 క్రిస్మస్ రోజున బ్రిటన్‌లో శాంటాండర్ బ్యాంకు నుంచి దాదాపు 75 వేల చెల్లింపులు రెండోసారి వెళ్లాయి. మొత్తం సుమారు 13 కోట్ల పౌండ్లు. కొందరికి ఒకే నెలలో రెండు జీతాలు. షెడ్యూల్‌లో తేడా వల్ల జరిగిందని బ్యాంకే చెప్పుకుంది. పోయింది దాని సొంత సొమ్ము, తిరిగి రాబట్టుకోవడానికి అవతలి బ్యాంకులను బతిమాలుకోవాల్సి వచ్చింది. మందు కష్టమైనదేమీ కాదు. ప్రతి చెల్లింపుకూ మళ్లీ రాని సంఖ్య ఒకటి ఉండాలి. పంపేముందు "ఈ సంఖ్య ఇప్పటికే వెళ్లిందా" అని జాబ్ చూసుకోవాలి. అలా రాసిన జాబ్‌ను పదిసార్లు నడిపినా నష్టం లేదు. అలా రాయని జాబ్‌ను రాత్రి రెండింటికి, నిద్రమత్తులో ఉన్న కుర్రాడి చేత ఒక్కసారి మళ్లీ నడిపించడమూ ప్రమాదమే.

తేదీలు, గడియారాల చిక్కులు చాలావరకు నవ్వు తెప్పించేవే. క్రాన్‌లో నెలాఖరు కదా అని 31 వేస్తే ఏడాదికి ఏడుసార్లే నడుస్తుంది. తేదీ, వారం రెండూ ఇస్తే రెండూ కలిసిన రోజున నడుస్తుందనుకుంటాం, అది ఏ ఒక్కటి కలిసినా నడుస్తుంది. అద్దె సర్వర్లు సాధారణంగా గ్రీనిచ్ వేళ మీద ఉంటాయి, అక్కడ అర్ధరాత్రి అంటే మనకు తెల్లారి ఐదున్నర. మన తెల్లవారుజాము మూడింటికి నడిచిన జాబ్ నివేదిక మీద నిన్నటి తేదీ వేస్తుంది. అమెరికాలో మార్చిలో గడియారం గంట ముందుకు జరిపిన రోజున రాత్రి రెండున్నర అనే వేళే ఉండదు, నవంబర్‌లో ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. మనకు ఆ బాధ లేదు కానీ సెలవులున్నాయి. రెండో, నాలుగో శనివారాలు, బతుకమ్మ, నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ అయ్యే రంజాన్. షెడ్యూలర్‌లోని సెలవుల పట్టికను ఏటా జనవరిలో ఎవరో ఒకరు చేత్తో నింపాలి, నెలవంక మారిస్తే ఆ రాత్రే దిద్దాలి.

ఇప్పటిదాకా పెద్దవాళ్ల సంగతి. నెక్కొండ లాంటి మండల కేంద్రంలో బ్యాచ్ జాబ్ అంటే అడ్తి దుకాణంలో, మిల్లులో, ఎరువుల షాపులో, సహకార సంఘంలో ఉన్న ఒక్క కంప్యూటర్. అందులో ట్యాలీనో, సంఘం సాఫ్ట్‌వేరో. వేళకు నడవాల్సినవి మూడో నాలుగో పనులు. బ్యాకప్, నెలాఖరు వడ్డీ, బాకీల జాబితా, సభ్యులకు మెసేజ్‌లు. ఇక్కడ చెడిపోయే తీరు వేరు. మరమ్మతుకు వచ్చిన కుర్రాడు రాత్రి పదకొండుకు బ్యాకప్ పెట్టి వెళ్తాడు, గుమస్తా రోజూ తొమ్మిదికి కంప్యూటర్ ఆపి తాళం వేస్తాడు. ఏడాదిలో ఒక్క బ్యాకప్ కూడా ఉండదు. ఒక్క తప్పు సందేశం కూడా రాదు, ఎందుకంటే నడవని జాబ్ నోరు తెరిచి నడవలేదని చెప్పదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో "తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా మొదలుపెట్టు" అనే గడి ఒకటుంది. దాన్ని టిక్ చేస్తే పొద్దున మెషిన్ తెరవగానే నడుస్తుంది. ఇంకా మేలు, మధ్యాహ్నం భోజనం వేళకు పెట్టుకోవడం. రాత్రే నడవాలన్న నియమం పెద్ద సర్వర్ల నుంచి వచ్చింది, ఒక్క గుమస్తా ఉన్న దుకాణానికి అది వర్తించదు.

రెండో రోగం మనుషుల పేర్లతో ముడిపడ్డది. సాప్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌లో అయినా, చిన్న దుకాణంలో అయినా, ప్రతి జాబ్ ఎవరో ఒకరి యూజర్ పేరు మీద నడుస్తుంది. ఆ ఉద్యోగి మానేస్తాడు, బదిలీ అవుతాడు, పాస్‌వర్డ్ గడువు తీరుతుంది. ఆ రాత్రి నుంచి జాబ్ మూగబోతుంది. సంఘం సీఈఓ మారిన నెలలో వడ్డీ లెక్కలు తప్పితే వెతకాల్సిన మొదటి చోటు ఇదే. కేంద్రం 2022 జూన్‌లో 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను 2,516 కోట్ల రూపాయలతో ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చే పథకానికి ఆమోదం తెలిపింది. ఉద్దేశం మంచిదే. అయితే రోజు లెక్క సంఘం మూసినప్పుడు ముగుస్తుందా, కేంద్ర సర్వర్ చెప్పినప్పుడు ముగుస్తుందా అన్నది ఇప్పుడు సంఘం చేతిలో లేని విషయం అవుతోంది. వడ్లు కొనే రోజుల్లో రాత్రి పదింటికి కూడా కాంటా నడిచే ఊళ్లకు ఇది చిన్న ప్రశ్న కాదు.

రాత్రి కూడా ఇప్పుడు చిన్నదైపోతోంది. ఒకప్పుడు బ్యాంకు సాయంత్రం మూసి పొద్దున తెరిచేది, మధ్యలో పన్నెండు గంటలు సర్వర్ సొంతం. 2019లో నెఫ్ట్, 2020 డిసెంబర్ 14 నుంచి ఆర్టీజీఎస్ రోజంతా నడవడం మొదలైంది. 2021 ఆగస్టు నుంచి జీతాలు, వాయిదాలు నడిపే నాచ్ వ్యవస్థ ఆదివారాల్లోనూ నడుస్తోంది. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కులు కూడా బ్యాచ్‌ల పద్ధతి నుంచి నిరంతర క్లియరింగ్‌కు మారడం మొదలుపెట్టాయి. లెక్క మూయడానికి తలుపులు మూసే వేళే లేదు, నడుస్తున్న ఖాతా మీదే మూయాలి. రైల్వే మాత్రం ఇంకా మొహమాటం లేకుండా రాత్రి 11.45కు అరగంటకు పైగా టికెట్ల అమ్మకం ఆపి ఇల్లు చక్కబెట్టుకుంటోంది. 2021 నవంబర్‌లో కోవిడ్ కాలపు ప్రత్యేక రైళ్లకు మళ్లీ మామూలు నంబర్లు ఇచ్చినప్పుడు వారం పాటు రాత్రికి ఆరు గంటలు ఆపింది, ముందే చెప్పి మరీ ఆపింది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఆపకుండా నడుపుతున్నామని చెప్పుకుంటూ నెలకోసారి "సర్వర్ బిజీ" అనేకంటే, ఫలానా వేళ ఉండం అని చెప్పి ఆగడమే మర్యాద.

అలా చెప్పి ఆగిన సందర్భం వరంగల్ జనానికి ఇంకొకటి గుర్తుండాలి. 2006 మార్చి 31న ఐదు గ్రామీణ బ్యాంకుల్ని కలిపి వరంగల్ కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న 493 శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఖాతాల వివరాలు ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు మార్చడానికి డిసెంబర్ 28 నుంచి 31 దాకా సేవలు ఆపారు. లక్షల ఖాతాలతో పాటు వాటి మీద వేళాపాళా పెట్టి ఉన్న వాయిదాలు, బీమా కోతలు, పింఛన్లు కూడా మారాలి. అంత పనికి నాలుగు రోజులు ఎక్కువేమీ కాదు.

చెప్పకుండా ఆగిన సందర్భమూ ఒకటుంది. 2024 సెప్టెంబర్ 1 వరదకు ఇంటికన్నె-కేసముద్రం మధ్య పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి కాజీపేట-విజయవాడ లైను మీద రైళ్లన్నీ ఆగిన సంగతి నెక్కొండ మరిచిపోలేదు. రద్దయిన రైలుకు ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్ డబ్బు మనం అడగకుండానే వెనక్కి వస్తుంది, అదీ ఒక జాబ్ చేసే పనే. కౌంటర్‌లో తీసుకున్నవాళ్లు మాత్రం మళ్లీ కౌంటర్‌కే వెళ్లాలి. వేళకు నడిచే కంప్యూటర్ పని ఎవరిని చేరుతుంది, ఎవరిని చేరదు అన్నది ఆ వరదలో తేటగా కనబడింది.

ఈ సమీక్ష చివర నేను తేల్చే మాట ఇది. పరికరాల కొరత ఎక్కడా లేదు. ఉచితంగా దొరికే క్రాన్ దగ్గర నుంచి కోట్ల ఖరీదు చేసే షెడ్యూలర్ల దాకా అన్నీ వేళకు లేస్తాయి, వరస చెబితే పాటిస్తాయి. లోపం ఉన్నది మూడు చోట్ల. గంటల్లో హామీ ఇచ్చి వరసలో నడపడం, వెనక్కి తగ్గే దారిని పరీక్షించకపోవడం, ఆగిన పేర్లకు దిక్కు చూపకపోవడం. మొదటి రెండూ ఇంజినీర్లు చూసుకోవాలి. మూడోది మనం అడిగి సాధించుకోవాలి. ఈసారి సంఘం మహాజన సభలో ఎరువుల కోటా గురించి అడిగినట్టే దీని గురించి కూడా అడగండి. డబ్బుల ఫైలు ఏ తేదీ దాకా ఉన్న వివరాలతో పోయింది, అందులో మన పేరు ఉందా, ఆగితే ఏ కారణంతో ఆగింది, దిద్దుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలి, మళ్లీ నడిపేది ఎప్పుడు? ఈ వివరాలు సర్వర్‌లో ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒక కాగితం మీద ముద్రించి సభ్యుడి చేతిలో పెట్టమని తీర్మానం చేయించండి.